రేకుల షెడ్డులో పారాయణం

బైబిలు మొత్తం ఒక్క ఏడాదిలో పూర్తి చేస్తానన్న మొక్కు నాది కాదు, బుజ్జమ్మది. చదివింది మాత్రం నేను. పోయిన వేసవిలో మా మామిడితోట కోతకొచ్చిన దగ్గర్నుంచి ఆఖరి లారీ వెళ్ళేదాకా, రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక, రేకుల షెడ్డులో వరిగడ్డి మీద కూర్చుని గొంతు చించుకున్నాను. మా ఇంట్లో ఆంజనేయస్వామి పటం పక్కన ఇంకో దేవుడి పటం పెట్టాలన్నా నాన్న ముహూర్తం చూస్తారు. అలాంటి ఇంటి ఆడపిల్లవి నువ్వెందుకు పట్టుకున్నావే ఆ పుస్తకం అని చుట్టాలు ఇప్పటికీ అడుగుతుంటారు. కూలీలు దొరక్క, అని చెప్తాను. అందులో అబద్ధం లేదు.

నూజివీడు చుట్టుపక్కల కోతల రోజుల్లో జిల్లా కలెక్టరైనా దొరుకుతారు గానీ కూలి మనిషి దొరకదు. కాయ కోసే మగవాళ్ళు ఎలాగోలా వస్తారు. కోసిన కాయకి సొన కార్చి, తుడిచి, మచ్చ ఉన్నదీ లేనిదీ ఏరి, ట్రేలలో సర్దే ఆడవాళ్ళు ముఠాగా వస్తేనే పని సాగుతుంది. మాకు ఏటా వచ్చేది బుజ్జమ్మ ముఠా. పదిమంది ఆడవాళ్ళకీ ఆవిడ మాటే మాట. ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున్నే బుజ్జమ్మ ప్లాస్టిక్ కవరొకటి చంకలో పెట్టుకుని గేటు దగ్గర నిలబడింది.

"అమ్మాయిగారూ, ఈ ఏడు విస్సన్నపేట తోటవాళ్ళు రమ్మంటన్నారండి," అంది.

"రాగానే బేరమా? వాళ్ళిచ్చేది మేమూ ఇస్తాంలే బుజ్జమ్మా."

"కూలి సంగతి కాదండి. అందరిచ్చేదే ఇవ్వండి. నాకు చదివిపెట్టే మనిషి కావాలండి."

కవరులోంచి బైబిలు తీసింది. నల్ల అట్ట, అంచులు నలిగిపోయి ఉన్నాయి. వాళ్ళ చర్చిలో ఏటా కొత్త సంవత్సరం మొదలైనప్పుడు, పోయిన ఏడాదిలో బైబిలంతా చదివినవాళ్ళని పాస్టరు సలోమోనుగారు ముందుకు పిలిచి నిలబెడతారట. చదువు రాని బుజ్జమ్మ ఇన్నేళ్ళూ వెనక బెంచీలో కూర్చుని వాళ్ళని చూస్తూ వచ్చింది. ఈ ఏడు తెగించి అడిగిందట, విన్నా చదివినట్టేనా అయ్యగారూ అని. ఒక్క ముక్క వదలకుండా వింటే చదివినట్టే, అన్నారట ఆయన. కూతురు శిరీష జనవరి నుంచి రోజూ చదివిపెట్టింది. రెండు కాండాలు అయ్యేసరికి ఆ పిల్లకి పెళ్ళయింది, జి. కొండూరు వెళ్ళిపోయింది.

"ఫోన్లో వస్తుంది కదా. నొక్కితే అదే చదువుతుంది," అన్నాను.

"అదీ చూశానండి. దానికి ఆయాసం లేదు, నాకు అర్థమైందో లేదో దానికి పట్టదు. ఈయనెవరమ్మా అంటే చెప్పదు. మనిషి చదివితేనే మనిషికి వినబుద్దేసిద్ది."

నాకు ముందు ఒళ్ళు మండింది. కాయలేరడానికి వచ్చే మనిషి నాకు షరతు పెట్టడమేంటని. తర్వాత నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే సరేనన్నాను. నాన్న వినగానే అగ్గిమీద గుగ్గిలమవుతారనుకున్నాను. మోకాలి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆయన షెడ్డులో ఒక మూల ప్లాస్టిక్ కుర్చీలో, పేపరు పట్టుకుని కూర్చుంటారు. మొదటిరోజు నేను పుస్తకం తెరుస్తుంటే పేపరు దించి చూశారు.

"చెప్పులు విడువు," అన్నారు.

విడిచాను.

"ఏ దేవుడిదైనా గ్రంథం గ్రంథమే. ఒళ్ళో పెట్టుకో, కింద పెట్టకు. ఇంకో సంగతి. పారాయణం మొదలుపెట్టాక మధ్యలో వదలకూడదు, ఒక్క అక్షరం దాటెయ్యకూడదు. దాటేస్తే చదివినవాళ్ళకీ దోషం, విన్నవాళ్ళకీ దోషం."

"మీ అయ్యగారు, మా అయ్యగారు ఒక్కమాటే చెప్పారు చూశారా," అని బుజ్జమ్మ తెగ సంబరపడింది. నాన్న మళ్ళీ పేపరు ఎత్తుకున్నారు.

ఇక్కడ తోట సంగతి చెప్పాలి. మా తాతయ్య వేసిన తోట ఇది. ఎక్కువగా చిన్న రసాలు, గట్టు వెంట బంగినపల్లి. నాన్నకి మేమిద్దరం ఆడపిల్లలమే. చెల్లెలు కీర్తిప్రియ హైదరాబాద్‌లో ఉంటుంది. నన్ను మైలవరం ఇచ్చారు. మా ఆయన సంతోష్ కుమార్‌కి అక్కడ పురుగుమందుల షాపుంది. నాన్నకి మోకాళ్ళు మొరాయించిన దగ్గర్నుంచి, మూడేళ్ళుగా తోట నేనే చూస్తున్నాను. పూత దగ్గర్నుంచి కోత దాకా రోజూ మైలవరం నుంచి స్కూటీ మీద వస్తాను. ఏ చెట్టు ఏడాది విడిచి ఏడాది కాస్తుందో, ఏ చెట్టు కాయకి తొడిమ దగ్గర పుచ్చొస్తుందో నాకు తెలుసు.

అయినా ఆ తోట నాది కాదు. పొలం మీ ఇద్దరికీ, తోట ఇంటిపేరుకి, అని నాన్న ఎప్పుడో తేల్చేశారు. ఇంటిపేరంటే మా బాబాయి కొడుకు రవికిరణ్. వాడు చెడ్డవాడని నేననను, మంచివాడే. కాకపోతే వాడికి పామాయిల్ పిచ్చి. "మామిడికి తామర పురుగు, గాలివాన, కూలీలు, అన్నీ శత్రువులే అక్కా. పామాయిలైతే నెలనెలా గెలలు, మనం నిద్రపోయినా అది కాస్తుంది," అంటాడు. ఈ కోతలయ్యాక తోట వాడి చేతికి వెళ్తుంది, చెట్లు కొట్టించి మొక్కలు పెడతాడు. ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు. ఎవరూ దాని గురించి మాట్లాడేవారు కాదు.

నేను నోరు లేనిదాన్నేం కాదు. తూకంలో మోసం చేసిన వ్యాపారిని నున్న మామిడి మార్కెట్లో నలుగురి మధ్యా నిలబెట్టి కడిగేసినదాన్ని. కానీ నాన్న ముందు నిలబడి తోట నాకు కావాలని అనడానికి మూడేళ్ళుగా నా నోరు పెగల్లేదు. తోట గలవాళ్ళు కూలీల కంటే ముందే తోటలో ఉండాలని మా తాతయ్య నియమం. రవికిరణ్ ఎండెక్కాక వస్తే నాన్న వాణ్ణి ఉతికి ఆరేసేవారు. నేను ఎనిమిదిన్నరకి వచ్చినా, తొమ్మిదికి వచ్చినా, "ఎండన పడి వచ్చావా అమ్మా, మజ్జిగ తాగు," అనేవారు. చుట్టపుచూపుగా వచ్చిన పిల్లని ఎవరు తిడతారు? ఆ మజ్జిగ సగం తాగి గ్లాసు పక్కన పెట్టేసేదాన్ని.

చదువు లేవీయకాండంలో మొదలైంది. బలులు, కొవ్వు, మూత్రపిండాలు. ఏ జంతువు తినొచ్చు, ఏది తినకూడదు. ఆడవాళ్ళు కాయలు తుడుస్తూనే ఆవలించారు. గోడకి బూజు పడితే యాజకుడు వచ్చి చూడాలన్న చోట మాత్రం అందరూ లేచి కూర్చున్నారు. "మా పంచాయతీ వాళ్ళు కాలనీ ఇళ్ళు కూలిపోతన్నా రారు, బూజుకి కూడా పూజారి వచ్చి చూసేవాడా!" అని ఒకావిడ ఆశ్చర్యపోయింది. నేను పేజీలు ముందుకు తిప్పి, ఇంకెంత ఉందో చూసుకుని నిట్టూర్చేదాన్ని. ఏ రోజుకారోజు ఆపిన చోట బుజ్జమ్మ ఒక మామిడాకు పెట్టేది. పాత ఆకు తియ్యనిచ్చేది కాదు. చదివిన మేరకు పుస్తకం ఉబ్బిపోతూ వచ్చింది.

వారం దాటాక ఒకరోజు, పండ్ల చెట్లు నాటితే మొదటి మూడేళ్ళూ కాపు ముట్టకూడదని, నాలుగో ఏడు కాపు దేవుడిదని, ఐదో ఏడు నుంచే తినాలని వచ్చింది. నేను గబగబా దాటిపోయాను. మూలనుంచి నాన్న గొంతు వినబడింది.

"ఆగు. అది మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను. నాన్న పేపరు మడిచి పక్కన పెట్టారు.

"మా నాన్న ఇదే చెప్పేవాడు. అంటు పెట్టాక మూడేళ్ళు పూత గిల్లెయ్యాలి. ముందే కాయనిస్తే చెట్టు ఎదగదు. నేను చిన్నప్పుడు ఆ పూత చూసి, గిల్లొద్దని ఏడ్చేవాణ్ణి." నా ఒళ్ళో పుస్తకం వైపు చూసి, "ఎవరు రాశారో గానీ, తోట తెలిసినవాడే," అన్నారు.

ఆ మర్నాడు నేను వచ్చేసరికి ఆయన కుర్చీ మూలలో లేదు. ఆడవాళ్ళ పక్కకి, కాయల గుట్టకి ఇవతలికి వచ్చింది. నాన్న కుర్చీ జరిపిన సంగతి ఎవరూ ఎత్తలేదు. బుజ్జమ్మ మాత్రం నా వైపు చూసి కొంగుతో మూతి తుడుచుకుంది.

సంఖ్యాకాండం సగం దాటేసరికి కోతలు ముమ్మరమయ్యాయి. మే ఎండకి రేకులు చిటపటలాడుతున్నాయి. ఆ రోజు వచ్చింది జనాభా లెక్క. ఫలానావాడి కొడుకులు, వాళ్ళ వంశాలు, మళ్ళీ వాళ్ళ కొడుకులు. పేర్లకి నాలుక తిరగదు.

"ఇదంతా పేర్లే బుజ్జమ్మా. దాటేసి కథ దగ్గరికి పోదాం."

బుజ్జమ్మ నోరు తెరిచేలోపే నాన్న అన్నారు, "పారాయణంలో దాటడం లేదని చెప్పానా? పేర్లయితే మాత్రం? మనుషులే కదా."

ఏం చేస్తాను, చదివాను. అందరూ మగవాళ్ళే. చదవగా చదవగా ఒకచోట, సెలోపెహాదు అనే ఆయనకి కొడుకులు లేరని, కూతుళ్ళే ఉన్నారని, వాళ్ళ పేర్లు మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అని వచ్చింది.

"ఆగండాగండి. ఇంతమంది మగాళ్ళ మధ్యన ఆడపిల్లల పేర్లెందుకు రాశారండి?" అంది బుజ్జమ్మ, చేతిలో కాయ అలాగే పట్టుకుని.

"నాకేం తెలుసు? చూద్దాం."

తర్వాతి అధ్యాయంలోనే తెలిసింది. ఆ అయిదుగురూ వెళ్ళి మోషే ముందు, పెద్దలందరి ముందు నిలబడ్డారు. మా నాన్న చనిపోయాడు, ఆయనకి కొడుకులు లేరు, అంతమాత్రాన మా నాన్న పేరు పోవాలా, ఆయన అన్నదమ్ముల మధ్య మాకూ భూమి ఇవ్వండి, అని అడిగారు. మోషే తేల్చలేక దేవుణ్ణే అడిగాడు. ఆ ఆడపిల్లలు చెప్పింది న్యాయమే, ఇచ్చెయ్యి, అన్నాడు దేవుడు.

చదువుతున్నంతసేపూ నా గొంతు నాకే కొత్తగా వినబడింది. తలెత్తి నాన్న వైపు చూసే ధైర్యం లేకపోయింది. కాయ తుడిచే చేతులన్నీ ఆగిపోయాయి. ముందుగా తేరుకున్నది బుజ్జమ్మే.

"అడగందే అమ్మయినా పెట్టదంటారు. దేవుడు కూడా అంతేనన్నమాట. అడిగిందాకా ఇయ్యలేదు."

"ఊఁ," అన్నారు నాన్న. "ఎండ దిగుతోంది, లారీ వచ్చే వేళైంది. కానివ్వండి."

మర్నాడు నేను పుస్తకం తెరవకముందే ఆయన, "ఆ పిల్లల సంగతి ఏమైంది?" అని అడిగారు. ఇవ్వమన్నారుగా నాన్నా, అన్నాను. "ఇవ్వమన్నారు. ఇచ్చారా అని అడుగుతున్నాను," అన్నారు. ఆ రెంటికీ మధ్య ఎంత దూరం ఉంటుందో ఆయనకి తెలుసు. తెలియాల్సింది నాకే.

నాలుగు రోజులకి ఆ కాండం చివరికొచ్చాం. చివర్లో ఆ అయిదుగురి ఊసు మళ్ళీ వచ్చింది. ఈసారి వచ్చింది వాళ్ళు కాదు, వాళ్ళ పాలివాళ్ళు. ఈ పిల్లలు పరాయి గోత్రాల వాళ్ళని చేసుకుంటే భూమి అటు పోతుంది కదా, అని పేచీ పెట్టారు. సరే, తమ గోత్రంలోనే చేసుకోండి అన్నారు. ఆ పిల్లలు తమ తండ్రి అన్నదమ్ముల కొడుకుల్నే పెళ్ళాడారు.

షెడ్డంతా గొల్లుమంది.

"పెదనాన్న, బాబాయి కొడుకుల్నా! అన్నదమ్ములవుతారు గదండీ!" ఒకావిడ చెంపలు వేసుకుంది.

"భూమి కోసం తమ్ముణ్ణి చేసుకుంటామా ఎక్కడైనా, ఛీ ఛీ," అంది ఇంకొకావిడ. సరిగ్గా అప్పుడే రవికిరణ్ బండి దిగి లోపలికొచ్చాడు. ఆడవాళ్ళందరూ వాణ్ణి చూసి, నన్ను చూసి, కొంగులు నోట్లో కుక్కుకున్నారు. "ఏంటక్కా, ఏమైంది?" అని వాడు అమాయకంగా అడుగుతుంటే నాకు కళ్ళనీళ్ళొచ్చేంత నవ్వొచ్చింది.

నాన్న కూడా నవ్వారు. నవ్వి, "వాళ్ళ ఆచారం వాళ్ళది," అన్నారు. బుజ్జమ్మ ఒక్కతే నవ్వలేదు. ఆకు తెచ్చి పుస్తకంలో పెడుతూ, "దేవుడిచ్చినా పాలివాళ్ళు ఊరుకోరు గదమ్మా," అంది నాకు మాత్రమే వినబడేలా.

ఆ వారంలోనే గాలివాన కొట్టింది. సాయంత్రం నాలుగింటికి ఆకాశం నల్లబడి, అరగంటలో తోటని దులిపేసింది. మర్నాడు మనసాగక తెల్లవారుతూనే నేను వచ్చేసరికి నాన్న చేతికర్ర పట్టుకుని చెట్ల మధ్య తిరుగుతున్నారు. కింద పరిచినట్టు కాయలు. తాతయ్య మొట్టమొదట నాటిన చెట్టు కొమ్మ ఒకటి విరిగి వేలాడుతోంది. ఆయన దాని మొదట్లో చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు.

నేను పెద్ద ఉపన్యాసం తయారు చేసుకున్నాను. మందులెప్పుడు కొట్టించాలో, కాయకి కవర్లు కడితే మచ్చ ఎలా తగ్గుతుందో, అన్నీ వరుసగా చెప్పాలనుకున్నాను. నోట్లోంచి వచ్చింది ఒక్క ముక్కే.

"నాన్నా, తోట నాకివ్వండి."

ఆయన నా వైపు తిరగలేదు. వంగలేక వంగి ఒక కాయ తీసి, మట్టి తుడిచి, తొడిమ దగ్గర వాసన చూశారు.

"ముదిరిన కాయే. గడ్డిలో మాగేస్తే పనికొస్తుంది," అన్నారు. "పద, మనుషులొచ్చే వేళైంది. రాలిన కాయలు ముందు ఏరించు."

అంతే. నేను వెనక్కి తిరిగి షెడ్డు దాకా నడిచేలోపు ఏడుపు ఆపుకోలేకపోయాను. అడిగినందుకు సిగ్గేసింది, ఆయన జవాబివ్వనందుకు కోపమొచ్చింది. కానీ చెప్పొద్దూ, ఆ రెంటికీ అడుగున ఎక్కడో కాస్త తేలిగ్గా కూడా ఉంది. మూడేళ్ళ బరువు బయటపడింది మరి. కీర్తిప్రియకి ఫోన్ చేస్తే, "నాకే తోటా వద్దే బాబూ, ఎప్పట్లాగే ఏటా రెండు ట్రేలు రసాలు పంపు చాలు. కానీ నాన్న ఇస్తారంటావా?" అంది. ఏమో, అన్నాను.

తర్వాత పదిహేను రోజులూ నాన్న ఆ ఊసే ఎత్తలేదు. మజ్జిగ తాగమ్మా అనడం మానలేదు. నేను ద్వితీయోపదేశకాండం చదివాను, ఆడవాళ్ళు కాయలు తుడిచారు. పట్టణాన్ని ముట్టడించినా పండ్ల చెట్టు మీద మాత్రం గొడ్డలి వెయ్యొద్దని ఒకచోట వచ్చింది. పదిమంది ఆడవాళ్ళూ ఒక్కసారిగా నాన్న వైపు చూశారు. నాన్న పేపరు అందుకుని మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ పేపరు నిన్నటిది.

నెలాఖరుకి కోతలు చివరికొచ్చాయి. యెహోషువ గ్రంథంలో ఎవరికే ఊరు, ఎవరి సరిహద్దు ఎక్కడిదాకా అని భూములు పంచుతున్నారు. రిజిస్ట్రారు ఆఫీసులో కూర్చున్నట్టుంది మాకు. ఆ మధ్యాహ్నం రవికిరణ్ ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. చెట్లు కొట్టించే కాంట్రాక్టరు. చేతిలో టేపు, చెవిలో పెన్సిలు.

"పెదనాన్నా, ఈయన చెట్ల మానులు కొలుచుకుంటారంట. ఒక్కసారి చూపించనా?"

నాకు పుస్తకంలో అక్షరాలు కనబడలేదు. ఆపబోయాను.

"కూర్చోరా. అధ్యాయం కానీ," అన్నారు నాన్న. "మీరూ కూర్చోండి. బుజ్జమ్మా, ఆయనకి ట్రే ఒకటి బోర్లించు."

కాంట్రాక్టరు అయోమయంగా ట్రే మీద కూర్చున్నాడు. నేను మొదలుపెట్టాను. రెండు మూడు వాక్యాలు దాటానో లేదో, మళ్ళీ వాళ్ళే. సెలోపెహాదుకి కొడుకులు లేరు, కూతుళ్ళే. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. వాళ్ళు యాజకుడి దగ్గరికి, మోషే తర్వాత నాయకుడైన యెహోషువ దగ్గరికి, పెద్దల దగ్గరికి వచ్చారు. మాకివ్వమని దేవుడెప్పుడో చెప్పాడు, అన్నారు. మోషే చనిపోయాడు, ఎడారి దాటారు, నది దాటారు, ఇంకా వాళ్ళ చేతికి రాలేదు. మళ్ళీ వచ్చి అడగాల్సొచ్చింది.

"ఇచ్చారా?" అన్నారు నాన్న.

నేను కింది వాక్యం చూశాను. "ఇచ్చారు నాన్నా. వాళ్ళ నాన్న అన్నదమ్ములతో పాటే ఇచ్చారు."

నాన్న తలూపి, కాంట్రాక్టరు వైపు తిరిగారు.

"చూడండి బాబూ, ఆ కొలతలు నన్నడిగి లాభం లేదు. తోట మా అమ్మాయి సింధూరది. కొట్టించేదీ ఉంచేదీ ఆవిడిష్టం."

రవికిరణ్ లేచి నిలబడ్డాడు.

"పెదనాన్నా, మరి నేను మొక్కలు చెప్పేశానే?"

"నీ చేలో వేసుకోరా. పొద్దున మీ నాన్నతో మాట్లాడాను. ఇంటిపేరు పోతుందేమో అన్నయ్యా అన్నాడు. చెట్లుంటే నాన్న పేరున హనుమయ్య తోట అంటారు. చెట్లు కొట్టేశాక దేనికి పెడతార్రా ఆ పేరు, అన్నాను. ఆలోచించి సరేనన్నాడు."

నేను లేవబోయాను. లేచి ఏం చేద్దామనుకున్నానో నాకే తెలియదు, నాన్న చేతులు పట్టుకుందామనో, బయటికి పోయి ఏడుద్దామనో. బుజ్జమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. ఆవిడ కళ్ళూ తడిగానే ఉన్నాయి. అయినా సరే, "అధ్యాయం సగంలో ఉందండి," అంది.

సగంలో వదలకూడదు కదా. ముక్కు చీదుకుని చదివాను. సరిహద్దులు, ఊళ్ళ పేర్లు, సముద్రం దాకా ఎవరిది, వాగుకి దక్షిణాన ఎవరిది. ఏం చదివానో నాకు ఎక్కలేదు, నోరు మాత్రం పలికింది. చివర్లో యోసేపు సంతతివాళ్ళు వచ్చి, మేం ఇంతమందిమి ఉన్నాం, మాకిచ్చిన చోటు చాలదు అని గొణిగారు. అయితే కొండకెక్కి అడవి నరుక్కుని బాగు చేసుకోండి, అన్నాడు యెహోషువ.

రవికిరణ్ అంతసేపూ మొహం ముడుచుకుని ఉన్నవాడు, ఠక్కున తలెత్తాడు. "చూశావా పెదనాన్నా! నరుక్కోమన్నాడా లేదా?"

"అది అడవి బాబూ," అంది బుజ్జమ్మ, కాయ తుడుస్తూనే. "ఇది తోట."

ముందు నవ్వింది కాంట్రాక్టరే. తర్వాత రవికిరణే నవ్వాడు. వాడు నవ్వగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నా దగ్గరికొచ్చి, "పోనీలే అక్కా, నాకు ఏడాదికి నాలుగు ట్రేలు. కీర్తి కంటే రెండెక్కువ," అన్నాడు. పండిన రసం ఒకటి తీసి వాడి చేతిలో పెట్టాను. అక్కడే నిలబడి, చొక్కా మీద కారకుండా ముందుకు వంగి, జుర్రుకుంటూ తినేశాడు. కాంట్రాక్టరుక్కూడా ఒకటిచ్చాం. ఆయన టేపు జేబులో పెట్టుకుని తిన్నాడు.

సాయంత్రం లారీకి తాడు బిగించాక బుజ్జమ్మ ఆకు కోసుకొచ్చింది. ఆ రోజు ఆకు తాతయ్య చెట్టుది. పుస్తకంలో పెట్టి, కవరు చుట్టి, చంకలో పెట్టుకుంది. కోతలు రేపటితో అయిపోతాయి, డిసెంబరు దాకా ఇంకా బోలెడు పుస్తకం మిగిలే ఉంది. ఆ మాట ఆవిడ అడగలేదు. అడగందే అమ్మయినా పెట్టదని చెప్పిన మనిషి, తన వంతు వచ్చేసరికి నోరు మెదపలేదు.

"ఆదివారం చర్చికి పోను మిగతా ఆరు రోజులూ ఇక్కడికే రా బుజ్జమ్మా. కోతలైపోతే కొమ్మలు కత్తిరించే పనుంది, పాదులు తవ్వే పనుంది. మధ్యాహ్నం చదువుకుందాం," అన్నాను.

"అయ్యగారూ?" అంది ఆవిడ నాన్న వైపు చూసి, అలవాటు కొద్దీ.

"నన్నెందుకడుగుతావు?" అన్నారు నాన్న.

నేను స్కూటీ స్టాండు తీసి, వెళ్ళొస్తాను నాన్నా అన్నాను. జాగ్రత్తమ్మా అంటారనుకున్నాను. ఆయన కర్ర నేలమీద టక్కున కొట్టారు.

"రేపెన్నింటికి వస్తావు?"

"ఎప్పట్లాగే. ఎనిమిదిన్నరకి."

"ఎనిమిదిన్నరేంటి, సిగ్గులేదూ! అప్పటికి కూలీలొచ్చి గంటన్నర అవుతుంది. తోట గలవాళ్ళు అంత తీరిగ్గా వస్తే కూలీలకి భయముంటుందా, చెట్లకి భక్తి ఉంటుందా? ఆరింటికల్లా గేటు దగ్గరుండు. లేటైతే ఊరుకోను."

పుట్టిన దగ్గర్నుంచి తోటలో నన్ను ఆయన తిట్టడం అదే మొదటిసారి. సరే నాన్నా, అన్నాను. మైలవరం వచ్చేదాకా దారి పొడుగునా నవ్వుకుంటూనే ఉన్నాను.